ఆ గొట్టం మాత్రలు ఆపు వదినా

కూర్మన్నపాలెం,
ఆదివారం మధ్యాహ్నం.

వదినా,

మొన్న ఫోన్లో మాటల మధ్య ఒక ముక్క అనేసి తప్పించుకున్నావు. రాత్రిళ్ళు కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయనీ, మందుల షాపతను నరాల బలానికని ఎర్ర గొట్టం మాత్రలు ఇచ్చాడనీ, అవి వేసుకుంటున్నాననీ చెప్పావు. నేను నోరు తెరిచేలోగా మనవడి స్కూలు ఆటో వచ్చిందని పెట్టేశావు. ఇంత సంగతి ఫోన్లో చెప్పడం నావల్ల కాదు. నువ్వు సగంలో ఇక్కడ వంజరం కిలో ఎంతో అడుగుతావు, నేనూ ఆ మాటల్లో పడిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు, అన్నయ్యకీ చదివి వినిపించు. ఇందులో ఆయనకి చెప్పాల్సింది కూడా ఉంది.

ఆ ఎర్ర మాత్రలు ఇవాళ్టితో ఆపెయ్యి. షుగరు మాత్రలు మాత్రం ఆపకు, వాటి సంగతి డాక్టరే చూడాలి. ఆపమన్నది ఆ మాత్రలు విషమని కాదు. నీ ఒంట్లో ఏం లోపించిందో తెలియకుండానే అవి ఆ లోపాన్ని కప్పెట్టేస్తాయి. రేపు రక్తపరీక్ష చేయిస్తే బి12 అంకె బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో ఎవరికీ అంతుపట్టదు.

నేను డాక్టర్ని కాను, నర్సుగా రిటైరయినదాన్ని. అయినా ఓపీలో కూర్చున్నన్నాళ్ళూ "కాళ్ళు మొద్దుబారిపోనాయమ్మా" అంటూ వచ్చినవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. ఒకరిది షుగరు, ఒకరిది మెడ ఎముక, ఒకరిది సారా, ఒకరిది థైరాయిడ్. అందరూ అనేది మాత్రం "నరాల బలహీనత" అనే. అందరూ కొనేదీ ఒకే రకం మాత్ర. తిమ్మిరి జబ్బు కాదు వదినా, జబ్బు ఇచ్చే సమాచారం. ఎక్కడ మొదలైంది, ఒక పక్కా రెండు పక్కలా, పగలా రాత్రా, పైకి పాకుతోందా అక్కడే ఉందా, నెలల్లో వచ్చిందా గంటల్లో వచ్చిందా అన్నవి సరిగ్గా చెబితే డాక్టరుకి సగం దారి దొరికినట్టే. నువ్వు నాకు రెండు మాటలు చెప్పావు: రెండు అరికాళ్ళూ రాత్రి మండుతున్నాయి, కుడిచేతి వేళ్ళు తెల్లవారుజామున మొద్దుబారి నిద్ర లేపుతున్నాయి. నా లెక్కలో అవి రెండూ వేర్వేరు జబ్బులు. నువ్వు రెండింటికీ కలిపి ఒకే మాత్ర మింగుతున్నావు.

పనికిరాని భయం కూడా వద్దు. 2021 ఫిబ్రవరిలో మన జంక్షన్లో స్టీల్‌ప్లాంటు కోసం రిలే దీక్షలు మొదలైనప్పుడు మనమూ వెళ్ళి శిబిరంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం, గుర్తుందా? లేవబోతే కాళ్ళు మనవి కానట్టయిపోయి ఒకరి భుజం ఒకరు పట్టుకున్నాం. అది నొక్కుడు తిమ్మిరి. మోకాలి వెలుపలి పక్క ఎముక మీదుగా చర్మం కిందే ఒక నరం పోతుంది. దాన్నీ, దానికి నెత్తురు చేర్చే సన్నటి నాళాల్నీ కాసేపు నొక్కి పెడితే కబురు ఆగిపోతుంది. వదిలేస్తే జివ్వుమంటూ తిరిగొస్తుంది. లేచి నాలుగడుగులు వేశాక పోయే తిమ్మిరికి మందు అక్కర్లేదు. అయితే రోజంతా గొంతుకూర్చుని కలుపు తీసేవాళ్ళలో అదే నరం బాగా దెబ్బతిని పాదం పైకి లేవక ఈడ్చుకు నడవాల్సి రావడం ఉంది. కాబట్టి నొక్కుడుకీ ఒక హద్దుంది.

నీ అరికాళ్ళది అలాంటిది కాదు. కూర్చున్నా పడుకున్నా పోవడం లేదన్నావు. రెండు పాదాలకీ సమానంగా ఉందన్నావు. మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉంటోందని కూడా అన్నావు, ఆ మాటని డాక్టరు దగ్గర మర్చిపోకుండా చెప్పు. ఒంట్లో అన్నిటికన్నా పొడుగైన నరాలు నడుము దగ్గర బయల్దేరి కాలి వేళ్ళదాకా పోతాయి. ఒకే కణం, దాని పోగు ఒక్కటే మీటరు పొడుగు. ఆ పోగు చివరిదాకా సరుకులన్నీ మొదట్లోంచే చేరాలి. నెత్తుట్లో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే ముందు దెబ్బతినేది ఆ పొడుగు పోగుల కొసలే. అందుకే షుగరు తిమ్మిరి బొటనవేళ్ళ దగ్గర మొదలై, పాదం, చీలమండ, పిక్క అంటూ పైకి పాకుతుంది. మోకాళ్ళ దరిదాపులకి వచ్చేసరికి చేతివేళ్ళ కొసల్లోనూ మొదలవుతుంది. రెండు కాళ్ళూ సమానంగా ఉంటే నరాలన్నిటికీ తగిలే కారణం వెతకాలి. ఒకే కాలు, అదీ నడుం నుంచి పిరుదు మీదుగా లాగుతూ ఉంటే వెన్ను చూడాలి.

కానీ నీ విషయంలో నాకు షుగరు ఒక్కదాని మీదే అనుమానం లేదు. మీ అత్తగారు పోయినప్పటినుంచి నువ్వు చేపా గుడ్డూ మానేశావు. పెరుగు తింటే కఫమని అదీ వదిలేశావు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వేసుకుంటున్నావు, గ్యాసని పొద్దున్నే పాంటాప్రజోల్ వేసుకుంటున్నావు. ఈ నాలుగూ కలిస్తే బి12 దిగిపోవడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నట్టే. బి12 చెట్ల తిండిలో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం వీటిల్లోనే దొరుకుతుంది. తిన్నదాంట్లోంచి దాన్ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, గ్యాసు మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. విడిపోయినదాన్ని పేగు పీల్చుకోవాలి, మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డుపడుతుంది. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో బి12 లోపం లక్షణాలు కనిపిస్తే పరీక్ష చేయించాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో డాక్టర్లకి హెచ్చరిక పంపింది. కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి, మానేసిన వెంటనే ఏమీ తెలియదు. తెలిసేసరికి ఎప్పుడు మానేశామో కూడా గుర్తుండదు.

నరం పోగు మీద కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగులాంటి కొవ్వు పొర ఒకటి ఉంటుంది. అది నిలవడానికి బి12 కావాలి. లేకపోతే పాదాల్లోని నరాలే కాదు, వెన్నుపాము వెనక భాగంలో పోయే దారులు కూడా చెడతాయి. అప్పుడు తిమ్మిరితోపాటు నడక తూలుతుంది, చీకట్లో కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే పక్కకి ఒరుగుతారు. నీకు అలా అవుతోందా? ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నిజం చెప్పు.

ఇక్కడ నీకో సంగతి చెప్పాలి. నువ్వు పొద్దున్నే వాకింగ్‌కి పోయే తార్నాక రోడ్డు మీద జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూడు, ఎన్ఐఎన్ అని బోర్డుండే ఆవరణ. అది పుట్టిందే కాళ్ళ తిమ్మిరి జబ్బు కోసం. 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు దాన్ని మొదలుపెట్టాడు. అప్పుడు దాని పేరే బెరిబెరి విచారణ విభాగం. 1958లో హైదరాబాదుకి తరలింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు.

బెరిబెరి అంటే ఎక్కడో జావా దీవి జబ్బనుకునేవు. మనదే వదినా. మన ఉత్తర సర్కారులు, అంటే గంజాం నుంచి కోస్తా వెంబడి కిందికి ఉన్న ఈ జిల్లాలు, ఒకప్పుడు దేశంలో బెరిబెరికి పేరుమోసిన ప్రాంతం. మద్రాసు సైన్యంలో పనిచేసిన మాల్కంసన్ అనే డాక్టరు 1835లో దీని మీద పుస్తకమే రాశాడు. కాళ్ళు బరువెక్కడం, మొద్దుబారడం, వాపు, ఆయాసం, ఆఖరికి గుండె ఆగడం. ఇక్కడి సిపాయిల్లో అది ఎందుకొస్తోందో ఆయనకి అంతుపట్టలేదు. గాలి అన్నారు, తేమ అన్నారు. బటావియాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు తన కోళ్ళు తెల్లటి పాలిష్ బియ్యం తిని కాళ్ళు పడిపోవడం, తవుడుతో ఉన్న బియ్యం పెడితే కోలుకోవడం గమనించేదాకా ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. దానికే ఆయనకి 1929లో నోబెల్ వచ్చింది.

ఇంతకీ తవుడులో ఉన్నది బి1, థయమిన్. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ జబ్బు అంతగా లేదు. వడ్లని నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. మనవాళ్ళకి పచ్చి బియ్యమే ఇష్టం. అది తెల్లగా మిల్లు పట్టించాలి, మూడు నీళ్ళు కడగాలి, ఆపైన గంజి వార్చాలి. బి1 నీళ్ళలో కరిగిపోయే రకం. మిల్లులో పోగా మిగిలింది కుడితి తొట్లోకి పోయేది. గంజి తాగిన పాలేరుకి అన్నం తిన్న ఆసామికన్నా ఆ ఒక్క విషయంలో మేలు జరిగి ఉంటుందని నేననుకుంటాను. 1941లో ఆక్రాయిడ్, కృష్ణన్ అనే ఇద్దరు మద్రాసు ప్రెసిడెన్సీలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల చావుల మీద వ్యాసం రాశారు. తల్లికి బి1 లేకపోతే పాలలోనూ ఉండదు, చంటిబిడ్డ గుండె రెండు మూడు నెలలకే ఆగిపోతుంది. బాలింతకి పప్పు పెట్టకూడదు, కూర పెట్టకూడదు, కారప్పొడి అన్నమే అంటూ మన పెద్దవాళ్ళు పెట్టిన పథ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మీ కోడలు రెండోసారి నీళ్ళోసుకుందన్నావు కదా. ఆ పథ్యం జోలికి మాత్రం పోకు.

ఇప్పుడు పప్పూ కూరా తింటున్నాం కాబట్టి బెరిబెరి అరుదైపోయింది. పూర్తిగా పోలేదు. అన్నం మానేసి మందు మీద బతికేవాళ్ళకి బి1 లోపమూ, సారా చేసే నరాల నష్టమూ రెండూ కలిసి వస్తాయి. రెండో షిఫ్టు దిగి గాజువాక దాకా పోయి ఇంటికొచ్చేవాళ్ళ కాళ్ళు నేను చాలానే చూశాను. పేర్లు నీకూ తెలుసు.

ఇంకొకాయన గురించి రాయకుండా ఉండలేను. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బుకి ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు. అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేయించాడు. నెత్తురు పాలిపోయినవాళ్ళకి అది ఇస్తే మొహంలో రంగు వచ్చింది, రక్తం అంకెలు బాగుపడ్డాయి. అయితే బి12 లోపం ఉన్నవాళ్ళ దగ్గర ఒక వింత జరిగింది. నెత్తురు బాగుపడుతుంటే కాళ్ళ తిమ్మిరి మాత్రం ఇంకా ముదిరింది. ఫోలిక్ యాసిడ్ నెత్తుటి పని చేసిపెడుతుంది గాని నరం తొడుగు పని చెయ్యలేదు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో పోయారు. బి12ని విడిగా తీయగలిగింది కూడా 1948లోనే. నీరసమని ఒక్క ఫోలిక్ యాసిడో, ఐరనో వేసుకుని నెత్తురు పెరిగింది కాబట్టి అంతా బాగుందనుకునేవాళ్ళకి ఆ దాదాపు ఎనభై ఏళ్ళనాటి సంగతి ఇప్పటికీ తెలియాలి.

మరి ఆ ఎర్ర మాత్రలో బి12 ఉంది కదా అంటావు. ఉంది. ఎంతుందో అట్ట చూడు. కొన్నింట్లో పేరుకి ఉంటుంది. నీకు నిజంగా లోపముంటే మొదట్లో ఇంజక్షన్లు కావాల్సి రావచ్చు. కొన్ని మాత్రల్లో బి6 మాత్రం దండిగా ఉంటుంది. ఆ బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే నరాల్ని చెడగొట్టి కాళ్ళు మొద్దుబారేలా చేస్తుంది. 1983లో అమెరికా డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. తిమ్మిరికని మింగిన మాత్రే తిమ్మిరి పెడితే, షాపతను ఇంకో డబ్బా ఇస్తాడు. టీబీ మందు ఐసోనియాజిడ్ వేసుకునేవాళ్ళకి మాత్రం బి6 తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే వాళ్ళకి తిమ్మిర్లు వస్తాయి. ఒకరికి మందయింది ఇంకొకరికి జబ్బవుతోంది, అందుకే షాపతని మాట మీద నాకు నమ్మకం లేదు.

ఇక నీ కుడిచెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేల్లో సగం మొద్దుబారి, తెల్లవారుజామున లేపితే, చెయ్యి విదిలిస్తే తగ్గితే, అది మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం. కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టులో ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులూ ఒక నరమూ పోవాలి. కొంచెం వాచినా నలిగేది నరమే. ఆడవాళ్ళకే ఎక్కువ. షుగరు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం దీన్ని పెంచుతాయి. బట్టలు పిండటం, చపాతీ పిండి కలపడం, మనవణ్ణి ఎత్తుకోవడం, అన్నీ ఆ చేత్తోనే కదా. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. బొటనవేలి మొదట్లో కండ పల్చబడుతున్నా, చేతిలో గ్లాసు జారిపోతున్నా ఆలస్యం చెయ్యకు. చిన్న ఆపరేషను ఉంది, భయపడేదేమీ కాదు. చిటికెనవేలు తిమ్మిరెక్కితే మాత్రం లెక్క వేరు. అది మోచేతి దగ్గర నరం. మనిద్దరం మోచెయ్యి మడిచి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని గంటలు మాట్లాడుకున్నప్పుడు నాకు వచ్చేది అదే. నువ్వే దానికి కారణం.

అన్నయ్యకి చెప్పమన్న సంగతి ఇది. ప్లాంటు వర్క్‌షాపులో చిప్పింగ్ హ్యామరు, గ్రైండరు పట్టుకుని ఎన్నేళ్ళు పనిచేశారో ఆయనే చెప్పగలరు. వేళ్ళు మొద్దుగా ఉంటున్నాయి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నానని రిటైరయ్యే ముందే అన్నారు. వయసు మీద తోసేశాం. అదిరే పనిముట్లు వేళ్ళలోని నరాల్నీ రక్తనాళాల్నీ పాడుచేస్తాయని 1918లోనే ఎలిస్ హామిల్టన్ అనే అమెరికన్ డాక్టరమ్మ ఇండియానాలో సున్నపురాయి చెక్కేవాళ్ళని పరీక్షించి రాసింది. చలిదేశాల్లో వేళ్ళు పాలిపోయి తెల్లబడతాయి కాబట్టి త్వరగా పట్టుబడుతుంది. మన ఉక్కపోతలో ఆ తెల్లదనం అంతగా కనబడదు, తిమ్మిరే మిగులుతుంది. డాక్టరు అడగకపోయినా తను చేసిన పని గురించి ఆయనే చెప్పాలి. ఏం పని చేసేవాడివని అడిగే డాక్టర్లు తక్కువ.

ఇంకొకటుంది, ఎవరూ నోరెత్తరు. ఒంటిమీద ఎక్కడైనా పాలిపోయిన మచ్చో ఎర్రమచ్చో ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే కుష్టు పరీక్ష చేయించుకోవాలి. మోచేతి దగ్గర నరం తాడులా తగలొచ్చు, చిటికెనవేలు ముడుచుకోవచ్చు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందిలో ఒక్కరికన్నా తక్కువకి దిగింది గాని జబ్బు అంతరించలేదు. సాలూరులో ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. మందు ఉచితం, ఆరు నెలలో పన్నెండు నెలలో వేసుకుంటే నయమవుతుంది. దాచిపెట్టినవాళ్ళకే చేతులు వంకరపోయేది.

ఆ రోగుల దగ్గర నేర్చుకున్నదే ఇవాళ షుగరువాళ్ళ పాదాలు కాపాడుతోంది. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్, కుష్టు రోగుల వేళ్ళు జబ్బు తినేయడం వల్ల ఊడిపోవడం లేదనీ, నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, పుండ్ల మీదే నడిచి పోగొట్టుకుంటున్నారనీ తేల్చాడు. రాత్రి ఎలుక కొరికినా లేవనివాళ్ళున్నారు. వాళ్ళ కోసం చేసిన మెత్తటి రబ్బరు చెప్పులే ఇప్పటి ఎంసీఆర్ చెప్పులు. డాక్టరు నీ పాదం మీద నైలాను దారంతో తాకి తెలిసిందా అని అడిగే పరీక్ష కూడా కుష్టు వైద్యంలోంచి వచ్చిందే. అది చేయించుకో. నొప్పి ఉన్న కాలికన్నా నొప్పి తెలియని కాలికే నేను ఎక్కువ భయపడతాను.

అందుకే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణకి వస్తానన్నావు చూడు, దాని గురించి మనం మాట్లాడుకోవాలి. ముప్పై రెండు కిలోమీటర్లు, అందరూ ఒట్టికాళ్ళతో. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా బీచిరోడ్డు పట్టుకుని, ఊరంతా చుట్టి మళ్ళీ కొండ కిందికి. దారిలో గాజుముక్క గుచ్చుకున్నా, కాలిన తారు బొబ్బలెక్కించినా నీకు తెలియకపోతే? మర్నాడు మేజోడుకి నెత్తురంటితే గాని చూసుకోవు. అప్పన్నకి మన పుండు మొక్కు అక్కర్లేదు. మెత్తటి మేజోళ్ళూ చెప్పులూ వేసుకుని వస్తే సగం దూరం నీతో నేనూ నడుస్తాను. ఒట్టికాళ్ళతోనే అంటే రావద్దు.

అప్పటిదాకా రోజూ రాత్రి పాదాలు చూసుకో. అద్దం కింద పెట్టుకుంటే అరికాలు కనబడుతుంది, లేకపోతే మనవణ్ణి చూడమను. వేళ్ళ సందులు తుడుచుకో. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టే ముందు మోచేత్తో ముట్టుకుని చూడు. మంటలకని హాట్‌వాటర్ బ్యాగు కాళ్ళ కింద పెట్టుకోకు. ఆనెలు బ్లేడుతో కోసుకోకు.

ఇంకో నాలుగు మాటలు గట్టిగా రాస్తున్నాను, ఇవి ఇంట్లో అందరికీ తెలియాలి. తిమ్మిరి ఒక్కసారిగా ఒక పక్క చేతికీ కాలికీ వచ్చి, మూతి వంకరపోయినా మాట తడబడినా అది పక్షవాతం. వెంటనే 108కి చెయ్యాలి. గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. విరేచనాలో జ్వరమో తగ్గిన వారం పది రోజులకి కాళ్ళలో తిమ్మిరి మొదలై, రెండు మూడు రోజుల్లో మోకాళ్ళు కూలబడిపోయి, నీరసం పైకి పాకుతుంటే అది గిలియన్ బారీ కావచ్చు. 2025 మొదట్లో పూణెలో వచ్చింది, ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లోనూ కేసులు చేరాయి. ఊపిరి కండరాలదాకా పోకముందే పెద్దాసుపత్రిలో ఉండాలి. నడుంనొప్పితో తొడల మధ్య స్పర్శ పోయి మూత్రం ఆగిపోయినా అదే తొందర. ఇవేవీ నీకు లేవు. అయినా తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు నీ పని. సోమవారం పొద్దున్న పరగడుపున ఈ పరీక్షలకి రక్తం ఇవ్వు: బి12, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, క్రియాటినిన్, మామూలు రక్తపరీక్ష. బి12 200 కన్నా తక్కువుంటే లోపమే. 200కీ 300కీ మధ్య ఉంటే సరిపోయిందని ల్యాబువాళ్ళు అన్నా నమ్మకు, నీలాంటి లక్షణాలున్నప్పుడు డాక్టరు దాన్ని అనుమానంగానే చూస్తారు. ఎర్ర మాత్రలు ఎన్నాళ్ళు వేసుకున్నావో ఆయనకి చెప్పు, ఆ అట్ట కూడా తీసుకెళ్ళు. తర్వాత నరాల డాక్టరు దగ్గరికి. నీకు గాంధీ ఆసుపత్రి దగ్గరే, కావాలంటే పంజగుట్ట నిమ్స్ ఉంది. నరాల్లోకి కరెంటు పంపి చూసే పరీక్ష రాస్తారేమో, కాస్త చురుక్కుమంటుంది, అంతే. అది మామూలుగా వచ్చినా తిమ్మిరి అబద్ధమని కాదు. సన్నపోగులు చెడితే ఆ పరీక్షకి చిక్కవు. మంటలు తగ్గడానికి ప్రీగాబలిన్ లాంటిది ఇస్తే మగతగా ఉంటుంది. అది నొప్పిని అణుస్తుంది గాని కారణాన్ని బాగుచెయ్యదు, కాబట్టి కారణానికి మందు రాశారా అని అడుగు.

బి12 లోపమని తేలితే అదృష్టమే అనుకో. తొందరగా పట్టుకుంటే తిరిగొచ్చే నష్టం అది. ఏళ్ళు గడిస్తే మాత్రం పూర్తిగా రాదు. షుగరుదైతే ఉన్నదాన్ని అక్కడితో నిలబెట్టుకోవాలి. ఏదైనా సరే, పెరుగు ఇవాళే మొదలుపెట్టు, మీ అత్తగారు ఏమీ అనుకోరు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. మన సెక్టారు గేటు దగ్గర మీ పాత క్వార్టరు ఇంకా ఖాళీగానే ఉంది, ముందు గోరింట చెట్టు బాగా పెరిగింది. దువ్వాడలో గోదావరి ఆగుతూనే ఉంది. రిపోర్టు చేతికొచ్చిన రోజే ఫొటో తీసి పంపు. పంపకపోతే మీ కోడలికి ఫోన్ చేసి అడుగుతాను, అప్పుడు నా మీద అలగొద్దు.

ఇట్లు,
మీ కూర్మన్నపాలెం వదిన